తొట్టిలో గదా? వెనక లాగే ఇల్లా?

ప్రశ్న: మాది హనుమకొండ. సొంత వాడకానికి తెల్ల ప్లేటు మీద నాలుగు తలుపుల పికప్ ఉంది. రామప్ప, లక్నవరం, బొగత, మేడారం వెళ్ళినప్పుడల్లా మోకాళ్ళ నొప్పులతో అమ్మకు లాడ్జి మెట్లు ఎక్కడం కష్టమవుతోంది. పికప్ తొట్టిలో మంచం, స్టవ్ ఉన్న గదిని, అంటే ట్రక్ క్యాంపర్‌ను, పెట్టించుకోవాలా? లేక చక్రాల మీది చిన్న ఇంటిని, అంటే ట్రావెల్ ట్రెయిలర్‌ను, వెనక తగిలించి లాక్కెళ్ళాలా? ఒక వెల్డింగ్ షెడ్డాయన ఏదైనా చేసిస్తానంటున్నాడు. దారిలో అమ్మ అందులో పడుకుని రావొచ్చా? జాతరప్పుడు అద్దెకు తిప్పుదామని మా బావమరిది అంటున్నాడు. చట్టం ఏమంటుంది?

జవాబు: షెడ్డాయనకు అడ్వాన్సు ఇచ్చేశారా? ఇవ్వకపోతే కొన్నాళ్ళు ఆగండి.

ముందు అమ్మగారి సంగతి. బండి కదులుతున్నప్పుడు క్యాంపర్‌లో గానీ ట్రెయిలర్‌లో గానీ మనిషి ఉండకూడదు. ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాసి ఉంటే అంతమందే, ఆ సీట్లలోనే. "జాతరకు ట్రాక్టర్ ట్రాలీల్లో ఊళ్ళకు ఊళ్ళే వస్తాయి కదా సార్" అంటారు. వస్తాయి. ట్రాలీ బోల్తా పడిన రోజు మాత్రం, వ్యవసాయానికి తీసుకున్న పాలసీ ట్రాలీలో కూర్చున్నవాళ్ళకు వర్తించదని బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. కోర్టులు చాలాసార్లు ఆ వాదన ఒప్పుకున్నాయి. పరిహారం బండి యజమాని మెడకు చుట్టుకుంటుంది. అమ్మగారిని సీట్లోనే, బెల్టు పెట్టి తీసుకెళ్ళండి.

ఇక క్యాంపర్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి తొట్టి కోసి, గదిని ఛాసిస్‌కు వెల్డింగ్ చేయిస్తే అది మార్పే, అందులో వాదనకు తావులేదు. నాలుగు మూలలా బిగించి, ఇంటికొచ్చాక విప్పి పక్కన పెట్టేదైతే దాన్ని సామానుగా వాదించొచ్చు. నేనైతే వాదిస్తాను. కానీ రోడ్డు మీద ఆపిన అధికారి ఆ వాదన వింటాడన్న హామీ మాత్రం ఇవ్వలేను.

సామాను అన్నాక బరువు లెక్క వస్తుంది. గది బిగించాక నీళ్ళ ట్యాంకు నింపి, ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏనుమాముల మార్కెట్ వైపు ఏదో ఒక కాటా మీద బండి పెట్టండి. చిట్టీలో వచ్చిన అంకెను కంపెనీ ప్లేటు మీద ఉన్న గ్రాస్ వెయిట్‌తో పోల్చండి. వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలు. మేడారం మొక్కు ఉంటే నిలువెత్తు బంగారం కూడా లెక్కలో వేసుకోండి, బెల్లమైనా కాటాకు బరువే. పరిమితి దాటితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. గది పక్కలకో వెనక్కో హద్దు మీరి పొడుచుకొచ్చినా అదే 20,000. వెనక లైట్లు, నంబర్ ప్లేటు కప్పుకుపోకుండా చూసుకోవాలి.

అసలు దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. నా దగ్గరికి ఒకాయన పికప్ వెనక రేకుల గది కట్టించుకుని వచ్చాడు. ములుగు దారిలో చెట్టు కొమ్మ తగిలి పైకప్పు లేచిపోయి, ముందు క్యాబిన్ అద్దం కూడా పగిలింది. సర్వేయర్ అద్దం ఫొటో ఒకటే తీశాడు, వెల్డింగ్ అతుకుల ఫొటోలు మాత్రం పదకొండు తీశాడు. క్లెయిమ్ పోయింది. షరతులు మీరిన కొన్ని కేసుల్లో 75 శాతం దాకా ఇప్పించిన తీర్పులున్నాయి గానీ, దానికి వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగాలి.

ట్రెయిలర్ తీరు వేరు. చట్టం దృష్టిలో అది మీ పికప్‌కు తగిలించిన సామాను కాదు, తానే ఒక మోటారు వాహనం. ఇంజిన్ లేకపోయినా రిజిస్ట్రేషన్ చేయించాలి, సొంత నంబరు ఉండాలి, బీమాలో చూపించాలి. రోడ్డు నిబంధనల ప్రకారం చెడిపోయిన బండినైతే లాగొచ్చు గానీ, ట్రెయిలర్ లాగాలంటే అది రిజిస్టరైనదే అయి ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు ఆర్‌టీఏ ఆఫీసులో అమ్మకపు పత్రం ఫారం 21, బండి రోడ్డుకు తగినదని తయారీదారు ఇచ్చే ఫారం 22 అడుగుతారు. నమూనా పరీక్షలో నెగ్గిన తయారీదారే ఆ ఫారం 22 ఇవ్వగలడు. లైసెన్సు గురించి బెంగ వద్దు. 7,500 కిలోల లోపు బండ్లకు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలు, మీ జోడీ ఆ బరువుకు చాలా దూరంలో ఉంటుంది.

కాగితాల సంగతి పక్కనపెట్టి ఒక్కమాట. మెట్లు ఎక్కలేని మనిషికి క్యాంపర్ ఏం సుఖం? తొట్టి ఎత్తున ఉన్న గదిలోకి నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ట్రెయిలర్ నేలకు దగ్గరగా ఉంటుంది, ఒక పీట వేస్తే చాలు. మీ ఇంటికి ట్రెయిలరే నయం, అదీ రిజిస్టరయ్యేదైతేనే. పస్రా దాటి తాడ్వాయి అడవిదారిలో, జాతర రద్దీలో, దాన్ని వెనక్కి తిప్పడం నరకమే. కాబట్టి జాతర రోజులు వదిలేసి వెళ్ళండి. ఏటూరునాగారం అభయారణ్యంలో ఎక్కడ పడితే అక్కడ రాత్రి మకాం వేయకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి.

బావమరిదికి వద్దని చెప్పండి. 2004 కేంద్ర నోటిఫికేషన్ క్యాంపర్ వ్యాన్‌నూ ట్రెయిలర్‌నూ నాన్-ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో చేర్చింది గానీ, "ప్రైవేటు వాడకానికి" అన్న షరతుతో. మొదటి అద్దె చేతికొచ్చిన రోజే ఆ షరతు మీరినట్టే, బీమా కూడా సందేహంలో పడుతుంది.

ఇవాళే షెడ్డాయన దగ్గరికెళ్ళి, "ఫారం 22 ఇస్తావా?" అని అడగండి. "అదేంటి సార్?" అంటే, చాయ్ తాగి వచ్చేయండి.