ప్రహరీ క్లబ్‌కు మా బాబు లీడర్‌... మాన్పించమంటారా?

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. బడిలో మత్తు పదార్థాలకు వ్యతిరేకంగా పెట్టిన ప్రహరీ క్లబ్‌కు వాణ్ని లీడర్‌ను చేశారు. ఎవరెవరు గుట్కా, గంజాయి వాడుతున్నారో గమనించి చెప్పమన్నారట. ఇవన్నీ విని వాడికే ఆసక్తి పుడుతుందేమోనని భయంగా ఉంది. మాన్పించమంటారా?
– ఓ తల్లి, నల్లగొండ

జవాబు: మాన్పించకండి. కాకపోతే ఆ పేర్లు చెప్పే పని మాత్రం వాడికి తప్పించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మీ భయం సంగతి. మత్తు గురించి మాట్లాడినంత మాత్రాన పిల్లలు దాని వెంట పడరు. ఎలా పీలుస్తారు, ఎక్కడ దొరుకుతుంది, ధర ఎంత అని విడమరిచి చెబితేనే చిక్కు. పుర్రె బొమ్మలు, కుళ్లిన ఊపిరితిత్తుల ఫొటోలు, ఒకప్పుడు వాడి మానేసినవాళ్ల ప్రసంగాలు... మన బళ్లలో ఎక్కువగా జరిగేవి ఇవే, ఫలితం తక్కువగా ఉండేదీ వీటితోనే. 1983లో లాస్‌ ఏంజెలిస్‌లో మొదలైన ‘డేర్‌’ కార్యక్రమంలో పోలీసులే క్లాసులకు వచ్చి పాఠాలు చెప్పేవారు. అది అమెరికా అంతా పాకింది. తీరా పరిశీలిస్తే ఆ పాఠాలు విన్నవాళ్లకూ విననివాళ్లకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చివరికి పాఠాలే మార్చుకున్నారు. పద్నాలుగేళ్ల వాడికి ఎప్పుడో వచ్చే క్యాన్సర్‌ కన్నా, ఈ సాయంత్రం ఫ్రెండ్స్‌ ముందు చులకనవడమే పెద్ద విషయం మరి.

పనిచేసేది, ‘వద్దు’ అనడాన్ని పదే పదే సాధన చేయించడం. బాట్విన్‌ అనే శాస్త్రవేత్త రూపొందించిన లైఫ్‌ స్కిల్స్‌ ట్రైనింగ్‌లో మొదటి ఏడాది 15 క్లాసులు, రెండో ఏడాది 10, మూడో ఏడాది 5 ఉంటాయి. మాదకద్రవ్యాల వ్యతిరేక దినమని జూన్‌ 26న ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి ఊరుకుంటే చాలదన్నమాట.

క్లబ్‌లో ఇలా చేయించమనండి. ముగ్గురేసి పిల్లలు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఒకడు ఖైనీ ఇస్తూ నిజంగా బయట వినబడే మాటలే అనాలి: ‘ఒక్కసారేరా, ఏం కాదు’, ‘మీ అమ్మంటే భయమా?’ రెండోవాడు మొదటి మాటలోనే ‘నాకొద్దు’ అనాలి. కారణం ఒక్కటే, చిన్నది. నాలుగు కారణాలు చెబితే అవతలివాడు నాలుగూ కొట్టిపారేస్తాడు. మళ్లీ అడిగితే మాట మార్చాలి, మూడోసారికి అక్కణ్నుంచి కదలాలి. మూడోవాడి పని చూడటం. నవ్వుతూ, నేల చూపులు చూస్తూ చెప్పిన ‘వద్దు’ అవతలివాడికి ‘సరే’ లాగే వినిపిస్తుంది. అది పట్టుకోవాల్సింది వీడే. తర్వాత పాత్రలు మార్చుకోవాలి. టీచరే డైలాగులు రాసిచ్చి బట్టీ పట్టిస్తే అది వార్షికోత్సవం స్కిట్‌ అవుతుంది, అంతే.

‘అందరూ వాడుతున్నారు’ అన్న అపోహ కూడా తీయాలి. మన దేశంలో 13–15 ఏళ్ల విద్యార్థులపై 2019లో జరిగిన సర్వేలో పొగాకు వాడుతున్నవారు 8.5 శాతమని తేలింది. నలభై మంది క్లాసులో ముగ్గురో నలుగురో. ఎంతమంది ఉంటారని ముందు పిల్లల చేత చీటీలపై రాయించి, ఆ తర్వాత ఈ అంకె చెబితే బాగా పడుతుంది. అయితే ఆ బడిలోనే వాడకం ఎక్కువగా ఉంటే ఇది బెడిసికొడుతుంది, అక్కడ వద్దు.

తోటి పిల్లలే ముందుండి నడిపితే ఫలితం ఉంటుందనడానికి మన దగ్గరే ఆధారముంది. ఢిల్లీ, చెన్నైలలో 32 బళ్లలో జరిగిన ‘మైత్రి’ అధ్యయనం ఇలాంటిదే. క్లాసు కార్యక్రమాలు, పోస్టర్లు, ఇంటికి పోస్టుకార్డులతో రెండేళ్లు నడిపిన బళ్లలో పొగాకు వాడకం మిగతా బళ్లలోలా పెరగలేదు.

ఇక ఆ పేర్ల సంగతి. లీడర్‌ పేర్లు చేరవేస్తున్నాడని తెలిసిన రోజు నుంచి సాయం కావాల్సిన పిల్లాడు వాడి దగ్గరికి రాడు. పైగా అమ్మేవాళ్ల కంట్లో పడితే మీ బాబుకే ప్రమాదం. చెప్పాలనుకున్నవాళ్లు రాసి వేసేందుకు తాళం వేసిన పెట్టె పెట్టి, అందులోని చీటీలు హెడ్మాస్టరే చూడాలి. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. ఆ దుకాణం సంగతి చూడాల్సింది పెద్దలు, పిల్లలు కాదు. వాడుతున్న పిల్లలందరినీ ఒకే గ్రూపులో కూర్చోబెట్టే ప్రయత్నం కూడా చేయనివ్వకండి. ఒకరి నుంచి ఒకరు కొత్తవి నేర్చుకుంటారు.

ఎవరైనా వచ్చి తన బాధ చెప్పుకుంటే మీవాడు తిట్టకుండా వినాలి, నమ్మకమున్న టీచర్‌ దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడితో వాడి బాధ్యత అయిపోయింది. కౌన్సెలింగ్‌ వాడి పని కాదు. మత్తు మానడానికి సాయం కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్‌ 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్‌ 14416.

ఒక్కటి మాత్రం తప్పక నేర్పండి. వైట్‌నర్‌ లాంటివి పీలుస్తున్న పిల్లాణ్ని చూస్తే అరవకూడదు, తరమకూడదు. ఆ స్థితిలో ఒక్కసారిగా బెదిరినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మెల్లగా మాట్లాడుతూ గాలి ఆడే చోట కూర్చోబెట్టి పెద్దవాళ్లను పిలవాలి. స్పృహ తప్పితే వెంటనే 108కి ఫోన్‌ చేసి, శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.