ఎలుగు వేటలో ఎర డ్రమ్ము ఒక్క రాత్రికే ఖాళీ కాకుండా ఎలా అమరుస్తారు?

కిటుకంతా రంధ్రంలో ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నల్ల ఎలుగుల కోసం 55 గ్యాలన్ల (సుమారు 208 లీటర్ల) ఇనుప పీపాను గొలుసుతో లావుపాటి చెట్టుకు బిగిస్తారు. వదులుగా ఉంటే దొర్లించుకుపోతుంది. పక్కన పంజా మాత్రమే పట్టేంత రంధ్రం కోస్తారు. పాప్‌కార్న్, ఓట్స్ లాంటివి గుప్పెడు గుప్పెడు లాక్కోవాల్సిందే. కోసిన అంచు నున్నగా అరగదీయాలి, లేదంటే పంజా తెగుతుంది. పాత డ్రమ్ములో రసాయనాల వాసన ఉండకూడదు.

పీపా ఎత్తు దాదాపు 88 సెంటీమీటర్లు కాబట్టి పక్కన నిలబడిన ఎలుగు సైజు తెలిసిపోతుంది. నాకైతే అసలు లాభం ఇదే.

అక్కడ సీజన్‌కు 30 రోజుల ముందు నుంచే ఎర పెట్టొచ్చు. పొరుగున న్యూహాంప్‌షైర్‌లో చాక్లెట్ వాడకూడదు, అది ఎలుగులకు విషం. మన దేశంలో మాత్రం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఎలుగు వేటే నేరం.