కార్టూన్లు మానకు

అమ్మాయీ,

నీ నాటకం, కార్టూన్లు అందాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని, బొమ్మలు మాని నాటకమే రాసుకోమని అందరూ చెబుతున్నారని రాశావు. నా మాట వినేటట్లయితే మానవద్దు. నీ నాటకం బాగుపడాలంటే నీకు ఆ బొమ్మలే కావాలి.

మంజుల పద్మనాభన్ నాటకాలు తెప్పించుకుని చదువు. ఆమె 1953లో ఢిల్లీలో పుట్టారు. తండ్రి దౌత్యాధికారి కావడంతో బాల్యం ఎక్కువగా విదేశాల్లో గడిచింది. ఇంగ్లీషులో రాస్తారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశారు, కథలు, నవలలు రాశారు. 1982లో బొంబాయిలోని సండే అబ్జర్వర్ పత్రికలో 'డబుల్‌టాక్' అనే కార్టూన్ స్ట్రిప్, అంటే వరుస గడుల్లో సాగే బొమ్మల శీర్షిక, మొదలుపెట్టారు. అందులో సుకీ అనే అమ్మాయి ఉంటుంది. కార్టూన్లో ఆడమనిషి అంటే అప్పడాల కర్ర పట్టుకున్న భార్యే అనుకునే రోజుల్లో సుకీ తన బుర్రతో ఆలోచించింది, తనకు తోచింది మాట్లాడింది. మన దగ్గర విశాఖపట్నంలో రాగతి పండరి ఏళ్ల తరబడి కార్టూన్లు గీశారు. ఆమె తరువాత ఇంకో మహిళ పేరు చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. అది నాకు బాధ కలిగించే విషయం. నిన్ను మానవద్దనడానికి అదీ ఒక కారణమే.

అసలు కారణం మంజుల రాసిన 'లైట్స్ అవుట్' నాటకంలో ఉంది. 1982లోనే బొంబాయి శాంతాక్రజ్‌లో జరిగిన ఒక ఘటన దానికి ఆధారం. పక్కన కడుతున్న భవనంలో రాత్రిపూట ఒక స్త్రీ మీద అత్యాచారం జరుగుతుంటుంది. ఈ ఇంట్లోవాళ్లు, భోజనానికి వచ్చిన స్నేహితులు ఆ కేకలు వింటూ, అవి ఏమై ఉంటాయని వాదించుకుంటూ కూర్చుంటారు. దౌర్జన్యం వేదిక మీదికి రాదు. మనకు వినిపించేది కేకలే, కనిపించేది ఈ మర్యాదస్తుల ముఖాలే. ఆ ఇంట్లో వంటమనిషి ఫ్రీడా నాటకమంతా పని చేస్తూ కళ్లముందే తిరుగుతుంది, ఒక్క మాట మాట్లాడదు. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. గడి లోపల ఏది ఉండాలో, ఏది బయట ఉండిపోవాలో కార్టూనిస్టుకు చేతి అలవాటు. మాట లేకుండా మూలన నిలబడిన మనిషి ఎంత బరువు మోయగలదో కూడా తెలుసు. ఆ చేయే ఈ నాటకం రాసిందని నా నమ్మకం.

ఆమె ఇంకో నాటకం 'హార్వెస్ట్' కూడా అంతే. అవయవాల వ్యాపారాన్ని నిషేధిస్తూ 1994లో మన దేశంలో చట్టం వచ్చింది. ఈ నాటకం ఆ వ్యాపారం గురించే, అవయవాలు అమ్ముకునే బొంబాయి కుటుంబం కథ. 1997లో గ్రీసు దేశపు ఒనాసిస్ నాటక పోటీలో మొదటి బహుమతి పొందింది. ఉద్యోగం పోయిన ఓం తన శరీరాన్ని ఒక కంపెనీకి రాసిచ్చేస్తాడు. దాన్ని కొనుక్కున్న విదేశీయురాలు గదిలో వేలాడే యంత్రం తెర మీద కనిపిస్తుంది. ఆ తెర కూడా ఒక గడే కదా!

ఇప్పుడు నీ నాటకం సంగతి. రెండో రంగంలో కోడలిని అత్త కొట్టడం అందరి ముందూ చూపించావు, ఆ తరువాత కోడలి చేత రెండు పేజీల ఉపన్యాసం చెప్పించావు. నీ కార్టూన్లో అయితే ఇలా చేసేదానివా? ఆ కొట్టడాన్ని వంటగది తలుపు వెనక్కి పంపు. హాల్లో క్యారమ్స్ ఆడుతున్న మగవాళ్లను ఆట ఆపనివ్వకు. పక్కింటి పిల్లకు మాటలు తీసేసి, రంగం ముగిసేదాకా అక్కడే ఉంచు. తిరగరాసే ముందు ఆ రంగాన్ని నాలుగు గడుల బొమ్మగా గీసుకో. గీయలేకపోయిన సంభాషణలు చాలావరకు అక్కర్లేనివే అయి ఉంటాయి.

బొమ్మలకు డబ్బిస్తామంటే మొహమాటపడకుండా తీసుకో. నాటకం అచ్చయ్యేలోపు ఇంటద్దె కట్టాలి కదా. తిరగరాసిన రంగంతో పాటు ఆ నాలుగు గడుల బొమ్మ కూడా పంపించు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అక్క