త్సుగ్‌ష్పిట్సెకు మొదటిసారి: హోలెన్‌టాల్ దారా, రైన్‌టాల్ దారా?

మ్యూనిక్ నుంచి వెళ్లి, సెప్టెంబరులో హోలెన్‌టాల్ లోయ దారిన ఒక్క రోజులో, జర్మనీలోకెల్లా ఎత్తైన శిఖరం త్సుగ్‌ష్పిట్సె (2962 మీ.) ఎక్కేయొచ్చా అని అడిగారు. వయా ఫెర్రాటా (రాతిగోడకు బిగించిన ఉక్కుతాడుకు మనల్ని తగిలించుకుంటూ ఎక్కే దారి) ఎప్పుడూ చేయలేదన్నారు కాబట్టి, వద్దనే చెబుతాను. రైన్‌టాల్ లోయ దారిన రెండు రోజుల్లో వెళ్లండి.

హోలెన్‌టాల్‌లో అందరూ భయపడేది 'బ్రెట్' గురించి. నున్నటి రాతిపలకకు దిగ్గొట్టిన ఇనుప కడ్డీల మీద అడుగులేస్తూ అడ్డంగా దాటాలి. ఉక్కుతాడు పట్టుకుని నిదానంగా వెళితే అది దాటేయొచ్చు. అసలు చిక్కు ఇంకా పైన, హిమానీనదమూ రాతిగోడా కలిసే చోట ఉంది. ఎండలు సాగేకొద్దీ మంచు కరిగి గోడకు ఎడంగా జరుగుతుంది, మధ్యలో లోతైన సందు తెరుచుకుంటుంది. మంచు మట్టం కూడా దిగిపోతుంది గనుక గోడ మొదట్లోని ఆ నున్నటి రాతి మీదికి ఎక్కడమే కష్టమవుతుంది. అక్కడికి చేరేసరికి ఐదారు గంటల అలసట మీద ఉంటారు, వెనక్కి దిగడమూ తేలిక కాదు. సెప్టెంబరుకి పైమంచు పోయి గట్టి ఐసు తేలుతుంది. బూట్లకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు దాని మీద ఆగవు, పూర్తి క్రాంపాన్లే (బూట్ల కింద బిగించే పొడవాటి ఇనుప ముళ్ల చట్రాలు) కావాలి.

హోలెన్‌టాల్‌కి హెల్మెట్, హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు), షాక్ అబ్జార్బర్ ఉన్న ఫెర్రాటా సెట్ తప్పనిసరి. మామూలు స్లింగు (పట్టీ), రెండు కారాబినర్లతో (తాడుకు తగిలించే లోహపు కొక్కేలు) సరిపెట్టొద్దు. జారితే ఉక్కుతాడును గోడకు పట్టి ఉంచే కింది మేకు దాకా పడతారు, ఆ కుదుపును మింగేది అబ్జార్బరే. మేకు దగ్గర కారాబినర్లను ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, రెండూ ఒకేసారి తీయకండి. రెండు మేకుల మధ్య ఒక్కరే ఉండాలి.

1820లో యోజెఫ్ నౌస్ బృందం మొదటిసారి శిఖరం చేరింది రైన్‌టాల్ మీదుగానే. కొండ కింది ఊరు గార్మిష్‌లోని స్కీ స్టేడియం నుంచి శిఖరానికి సుమారు 21 కి.మీ., 2200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మొదటి రాత్రి రైన్‌టాలాంగర్ హట్‌లో (కొండ మీది బస, 1370 మీ.) పడుకోండి, పడకలు ముందే బుక్ చేసుకోవాలి. మర్నాడు క్నోర్ హట్ (2051 మీ.) దగ్గరే నీళ్లు నింపుకోండి. పైనున్న ప్లాట్ (పీఠభూమి) అంతా సున్నపురాయి, నీళ్లు దొరకవు, కరిగిన మంచు పగుళ్లలోకి ఇంకి కింద పార్ట్‌నాఖ్ నది ఊటగా బయటికొస్తుంది. ప్లాట్ మీదున్న రెస్టారెంటు సొన్‌ఆల్పిన్ దాటి పైకి వెళితే, రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారే రాళ్లు, ఆ తర్వాత శిఖరం దాకా ఉక్కుతాళ్లు. ఇక్కడా హెల్మెట్ పెట్టుకోండి.

ఐబ్‌సే సరస్సు నుంచి స్టోప్సెల్‌ట్సీహర్ అనే మూడో దారి దగ్గరే, కానీ నిటారు ఫెర్రాటా. రెండోసారికి ఉంచండి.

మధ్యాహ్నం ఉరుముల వాన పడుతుందని సూచన ఉంటే ఉదయమే పైకి చేరేలా బయల్దేరండి, పిడుగుల వేళ ఆ ఉక్కుతాడు పట్టుకుని ఉండకూడదు. దిగడానికి కేబుల్ కారు ఉంది గానీ గాలివానకు ఆపేస్తారు. ఆఖరి ట్రిప్ సమయం ముందురోజే చూసుకోండి.