ఆ ఒక్క శాంపిల్ ఎక్కడ ఎక్కువొచ్చింది?

ప్రశ్న: ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ చేస్తున్నానండీ, భూకంపాల రికార్డుల మీద ప్రాజెక్టు. నిలువు, నార్త్, ఈస్ట్ అని మూడు ఛానళ్లు, సెకనుకి 100 శాంపిల్స్ (కొలతలు). ఫైళ్లు మొదలైన టైములు కొంచెం తేడా, అందుకని నాకు కావాల్సిన ముక్క మొదటి రెండిట్లో 0.25 సెకన్ల దగ్గర, ఈస్ట్‌లో 0.29 దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి 30 సెకన్లు కట్ చేస్తే ఆ రెండూ 3000 వచ్చాయి, ఈస్ట్ 3001! మూడూ కలపబోతే పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నమ్‌పై ఎర్రర్ ఇస్తోంది. మొదలు టైముని, చివరి టైముని 100తో గుణించి ఇంట్ (పూర్ణాంకం) చేస్తున్నా, అంతే. చివరిది ఒకటి పీకేయ్, సరిపోద్ది అంటున్నాడు మా సీనియర్ అన్న. పీకేయొచ్చా?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: పీకొద్దు బాబూ. ఎర్రర్ పోతుంది గానీ తప్పు లోపలే ఉండిపోతుంది, ఎందుకంటే నీకు ఎక్కువొచ్చిన శాంపిల్ చివర్లో లేదు, మొదట్లో ఉంది.

పైథాన్ తెరిచి 0.29ని 100తో గుణించి చూడు. 29 రాదు, 28.999999999999996 వస్తుంది. 1ని 3తో భాగిస్తే 0.333 అని ఎంతసేపు రాసినా తెగదు కదా, అలాగే 0.29 బైనరీలో తెగదు, కంప్యూటర్ ఎక్కడో ఒకచోట ఆపేసి దగ్గర్లో ఉన్న నంబర్ పెట్టుకుంటుంది, అది అసలు కన్నా వెంట్రుకవాసి తక్కువ. ఇంట్ రౌండ్ చెయ్యదు, చుక్క తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది, కాబట్టి 28 మిగిలింది. 30.29ని గుణిస్తే మాత్రం శుభ్రంగా 3029 వస్తుంది. 3029లోంచి 28 పోతే 3001, అదీ సంగతి. మిగతా రెండు ఛానళ్లు బాగున్నాయంటే 0.25 పావు కాబట్టి, పావు బైనరీలో కచ్చితంగా కూర్చుంటుంది.

ఇప్పుడు చివరిది పీకావనుకో, మూడూ 3000 అయ్యాయి, ఎర్రర్ లేదు, ప్లాట్ కూడా బాగానే కనిపిస్తుంది, కానీ ఒక శాంపిల్ ముందే మొదలైంది కాబట్టి ఈస్ట్‌లో అల మొత్తం 0.01 సెకను లేటుగా జరిగిపోయి ఉంటుంది. పీ వేవ్ (భూకంపంలో అన్నిటికన్నా ముందు చేరే అల) సెకనుకి 6 కిలోమీటర్లు పోతుందనుకుంటే అది 60 మీటర్ల తేడా. 10 హెర్ట్జ్ అల దగ్గర 36 డిగ్రీల ఫేజ్ (అల తన ఊపులో ఎక్కడుందన్న లెక్క) తప్పు, ఇక అల ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ రికార్డులోంచి తీస్తే దాన్నెలా నమ్ముతాం? నాకు భయం దీనికే, ఎర్రర్ ఇచ్చి ఆపేసిన ప్రోగ్రామే నయం.

ఇంట్ బదులు రౌండ్ వాడు, అది కూడా మొదలుకి ఒక్కసారే. చివర టైముని మళ్లీ లెక్కకట్టకు, మొదలు ఇండెక్స్‌కి 3000 కలిపి అక్కడిదాకా కొయ్యి. భూకంప రికార్డుల పైథాన్ లైబ్రరీ ఆబ్స్‌పైలో ముక్క కోసే ట్రిమ్ వాడితే అది మామూలుగా దగ్గరి శాంపిల్ దగ్గరే కోస్తుంది, రెండు కొసలూ ఉంచుతుంది కాబట్టి 3001 వస్తే కంగారుపడకు, పది అంకణాల పాకకి పదకొండు వరసల స్తంభాలు కావాలిగా.

ఇంకోటి, 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే టైమ్‌ని పొరపాటున కూడా ఫ్లోట్32లో (32 బిట్ల దశాంశ సంఖ్యగా) దాచకు, ఇప్పటి తేదీలకి అందులో ఒక అంకెకీ పక్క అంకెకీ మధ్య 128 సెకన్లుంటాయి. నానోసెకన్లలో పూర్ణాంకంగా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

కట్ చేశాక మూడు ఛానళ్ల మొదటి శాంపిల్ టైములు పక్కపక్కన ప్రింట్ చేసి చూడు. ఇప్పుడున్న కోడ్‌తో చూస్తే ఈస్ట్‌ది మిగతా రెండిటి కన్నా 10 మిల్లీసెకన్లు ముందుంటుంది.