2190 నాటి యంత్రానికి పాస్‌వర్డ్ ఎందుకు?

చి. శ్రావణికి ఆశీస్సులు.

కథ చదివాను. 2190లో, అంగారకుడి మీద, నీ నాయిక ఫోల్డర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, "87 శాతం పూర్తయింది" అనే గీత వంక చూస్తూ కూర్చుంది. రేపటి యంత్రం ఇవాళ్టి కంప్యూటర్‌లా ఉండాలా అని అడిగావు. పైకి ఉండక్కర్లేదు. దాన్ని లోపల కట్టిపడేసేవి మాత్రం ఉండి తీరాలి.

ముందు పైపై సంగతి తేల్చేద్దాం. గిగాబైట్, ఫైలు, క్లిక్, లోడింగ్ లాంటి మాటలన్నిటి కిందా ఎర్రగీత కొట్టు. సామర్థ్యాన్ని అంకెల్లో చెప్పకు. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో నౌక కంప్యూటర్లో చెరిపి రాసుకునే మెమరీ సుమారు 4 కిలోబైట్లు. ఆ రోజుల్లో ఎవరైనా "నాలుగు మెగాబైట్ల మహాయంత్రం" అని రాసి ఉంటే ఇవాళ నవ్వొచ్చేది. అది ఏం చేస్తుందో, ఎంతసేపట్లో చేస్తుందో, ఏం చేయలేదో రాయి. అలాగని అన్నిటికీ "క్వాంటం" అని తగిలించకు. ఇప్పటి సూపర్‌కండక్టింగ్ క్వాంటం చిప్‌లను పరమశూన్యానికి, అంటే ఇంకా చల్లబడటానికి వీల్లేని ఉష్ణోగ్రతకు, డిగ్రీలో వందోవంతు దూరం దాకా చల్లబరచాలి. ఆ సరంజామా నీ నాయిక భుజాన సంచీలో పట్టదు. పైగా వాటివల్ల లాభం కొన్ని రకాల లెక్కలకే.

నీ మూడో సన్నివేశంలో ఆమె భూమ్మీది యంత్రంతో మాటకు మాట వాదిస్తోంది. ఇది కుదరదు. అంగారకుడి నుంచి భూమికి వెలుతురు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు. జవాబు రావడానికి మళ్లీ అంత. కాబట్టి నిర్ణయించే యంత్రం అంగారకుడి మీదే ఉండాలి, భూమి నుంచి వచ్చేది ఆలస్యపు సలహా. రెండుచోట్లా ఒకే రికార్డును ఒకేసారి మారిస్తే ఏది నిజం? డేటాబేస్‌లు నడిపేవాళ్లకు ఇది ఇవాళా ఉన్న తలనొప్పే. నీ కథలో తగాదా అక్కడే పుట్టించు.

ఇక వేడి. కథలు రాసేవాళ్లు దీన్నే ఎక్కువగా మరిచిపోతారు. ఏ యంత్రమైనా తిన్న కరెంటంతా చివరికి వేడిగానే వదులుతుంది. అంతరిక్షంలో ఆ వేడిని మోసుకుపోవడానికి గాలి లేదు. రేడియేటర్ పలకల నుంచి అది కిరణాలుగా పోవాల్సిందే. 27 డిగ్రీల దగ్గర ఉన్న పలక ఒక్కో ముఖం నుంచి చదరపు మీటరుకు సుమారు 400 వాట్లే వదలగలదు. నీ నౌకలోని యంత్రం ఒక మెగావాట్ వాడితే, రెండు ముఖాలూ పనిచేసినా 1,250 చదరపు మీటర్ల పలకలు కావాలి, అంటే ముప్పై సెంట్ల స్థలమంత. పలకలను ఇంకా వేడెక్కనిస్తే విస్తీర్ణం తగ్గుతుంది, కానీ ఆ వేడికి చిప్‌లు తట్టుకోవాలి, లేదా మధ్యలో వేడిని పలకల్లోకి తోసే హీట్ పంపు పెట్టి దానికీ కరెంటు ఇవ్వాలి. నీ ప్రతినాయకుడు పాస్‌వర్డ్ దొంగిలించడం దేనికి, పలకల్లో సగం పగలగొడితే చాలు. యంత్రం చావదు, ఆలోచన సగానికి పడిపోతుంది.

అంతరిక్ష కణాలు తగిలి మెమరీలో ఒకట్లు సున్నాలవుతాయి. అందుకే 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో ప్రధాన ప్రాసెసర్‌గా 1990ల నాటి పవర్‌పీసీ అనే చిప్ నమూనాను రేడియేషన్‌కు తట్టుకునేలా మలిచి వాడారు. వేగం 200 మెగాహెర్ట్జ్ దాకా. నీ అంగారక యంత్రం కూడా భూమ్మీద ఇళ్లలో ఉన్నవాటికంటే మొద్దుగానే ఉండనీ. ముఖ్యమైన లెక్క మూడు యంత్రాలు చేసి, ఏ రెండు ఒప్పుకుంటే అదే ఖాయం చేసుకునే పద్ధతి ఉంది. ఆ మూడోది ఎందుకు విభేదించిందన్న ప్రశ్నతో ఒక అధ్యాయం నడుస్తుంది.

చెడిపోయేటప్పుడు నిప్పురవ్వలు, పొగ వద్దమ్మా. అపోలో 11 దిగుతుండగా కంప్యూటర్‌కు పని ఎక్కువై 1202 అలారం ఇచ్చింది. అంతగా అవసరం లేని పనులు వదిలేసి, మళ్లీ మొదలై, దిగే పని మాత్రం ఆపలేదు. నీ యంత్రం ఏ పని ముందు వదిలేస్తుందో నువ్వే వరస పెట్టుకో. ప్రాణవాయువు లెక్క, ఉత్తరాలు, తలుపులు: ఆ వరసలోనే దాన్ని కట్టినవాళ్ల బుద్ధి తెలుస్తుంది.

పాతది అంత తేలిగ్గా పోదు. 1959లో పుట్టిన ప్రోగ్రామింగ్ భాష కోబాల్ ఇంకా బ్యాంకుల్లో నడుస్తోంది. అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చినా, దాన్ని పాటించని అచ్చుపని (డీటీపీ) ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం పోగుపడ్డాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చిరాతలే. నీ నాయికకు ముత్తవ్వ డైరీ అలాంటి ఫైలుగా దొరికిందనుకో. ఒక్క బిట్టు కూడా పోలేదు, అయినా ఏ యంత్రమూ చదవలేదు. పాస్‌వర్డ్ కంటే గట్టి తాళం.

తిరగరాసే ముందు కథలోకి రానివ్వని ఒక పేజీ రాసుకో: కరెంటు ఎక్కడిది, వేడి ఎటు పోతుంది, ఎవరు బాగుచేస్తారు, విడిభాగం ఎన్ని నెలలకు వస్తుంది. అందులోంచి ఐదు వాక్యాలకు మించి కథలోకి తేకు. మిగతాది పాత్రల తీరులో కనబడాలి. మూడో సన్నివేశంతో మొదలుపెట్టు. దానికి ఒక తేదీ వేసుకుని, ఆ రోజు రెండు గ్రహాల మధ్య దూరం చూసి, నిమిషాలు లెక్కగట్టి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న