ఆ తార్ ఏమైంది పాపా?

అనంతపురం

చిరంజీవి పాపకు,

పెదనాన్న ఆశీస్సులు. న్యూజిలాండ్‌లో మీరు చేసిన వేట గురించి నువ్వు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి టెన్షన్‌తోనే చదివాను, ఆ జారుడు రాళ్ల మీద ఎక్కడ పడతావో అని. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. నీకు రాయడం వచ్చు. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా.

రైఫిల్ గురించీ దాని స్కోపు గురించీ రెండు పేజీలు రాశావు. మీరు అంత దూరం వెళ్లింది దేనికోసమో, కొండమేకలాంటి ఆ తార్ గురించి రాసింది నాలుగు వాక్యాలు. తుపాకీ వివరాలు కావాలనుకున్నవాడికి ఎక్కడైనా దొరుకుతాయి. జూన్ చలిలో మౌంట్ కుక్ వైపు కొండల్లో ఒక మగ తార్ మెడ మీది జూలు గాలికి ఎలా లేచిందో నువ్వు చెబితే తప్ప గుత్తిలోనో ధర్మవరంలోనో ఉన్న మనిషికి తెలియదు. గైడు చేతికిచ్చిన గిట్ట గురించి ఒక్క ముక్క రాశావు చూడు, అంచు గట్టిగా, మధ్యలో రబ్బరులా మెత్తగా ఉందని. అక్కడ నా పెన్సిల్ ఆగింది. అంత నిటారు బండ మీద అది ఎలా నిలబడిందో ఆ ఒక్క ముక్కతో నాకు అర్థమైంది. అలాంటివి ఇంకా రాయి.

ఇక మొదలు. విమానం, హోటలు, కాఫీ అన్నీ కొట్టేయి. క్రైస్ట్‌చర్చ్ ఎయిర్‌పోర్టులో అధికారులు నీ బూట్లు తీయించి, అడుగున అంటుకున్న మట్టి చూశారని మూడో పేజీలో సగం వాక్యంలో చెప్పి వదిలేశావు. అది ఏ మట్టి? నువ్వూ మీ ఆయనా రెండు నెలలు ఆదివారాలు బెంగళూరు నుంచి వచ్చి, వీపున పదిహేను కిలోల సంచీ వేసుకుని ఎక్కిన గుత్తి కోట మట్టి కదా! దాన్ని గీకి, కడిగి, తుడిచి ఇచ్చారు. అక్కడ మొదలుపెట్టు.

ఎందుకంటే ఆ బూటూ ఆ తార్ ఒకే కథ. ఒక గడ్డి విత్తనం బయటినుంచి వస్తుందేమోనని అంత జాగ్రత్తపడుతున్న దేశమే, 1904లో ఈ జంతువును తెచ్చి మౌంట్ కుక్ దగ్గర వదిలింది. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ డ్యూక్ మందలోంచి వచ్చినవి అవి. అసలు పుట్టిల్లు మన హిమాలయాలు. న్యూజిలాండ్ నేల మీద గబ్బిలాలు తప్ప సొంత పాలిచ్చే జంతువులే లేవు. గిట్టలున్నది మేస్తుందనే సంగతే ఎరగని మొక్కలు ఆ కొండల మీదివి. అవి తట్టుకోలేకపోయాయి. 1993లో ప్రభుత్వం ప్రణాళిక వేసుకుని, పదివేలకు మించి తార్‌లు ఉండకూడదని హద్దు పెట్టింది. హెలికాప్టర్లలో వెళ్లి కూడా చంపిస్తారు. అదే జంతువు హిమాలయాల్లో తగ్గిపోతోంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడితే జైలే. ఇదంతా నువ్వు ఏడో పేజీలో ఒక పేరాగా కుక్కేశావు, పరీక్షకు చదివి అప్పజెప్పినట్టు. అక్కర్లేదు. గైడు బూటు కొనతో గడ్డి దుబ్బును పక్కకు తోసి, కొరికిన మొదళ్లు చూపించాడన్నావే, సంగతంతా అక్కడ చెప్పు. 'అక్కడ చట్టం ఒప్పుకుంటుంది' అని మూడుచోట్ల సంజాయిషీ చెప్పుకున్నావు. ఒకచోట చాలు. మన జిల్లాలో కృష్ణజింకను కొట్టి జైలుపాలైన వాళ్ల గురించి విన్న మనిషి అడిగే ప్రశ్నే అది, తప్పదు. జవాబు సూటిగా చెప్పి ముందుకు నడువు.

ఇప్పుడు అసలు మాట. 'మేము చూశాం, మేము గురిపెట్టాం, మేము కాల్చాం' అని రాశావు. ట్రిగ్గర్ మీద రెండు వేళ్లు పట్టవు పాపా. ఫోన్‌లో అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు నువ్వు. తర్వాత 'నేనే పెదనాన్నా' అన్నావు. నువ్వు ఊరకుండిపోయిన ఆ కాసేపు ఈ పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. మీ ఆయన బైనాక్యులర్‌తో నీ వెనకే ఉన్నాడు. ముందు చూసింది తనే. తను చూసింది వేరు, నువ్వు చూసింది వేరు. తనను విడిగా కూర్చుని రాయమను, ఒక పేజీ చాలు. నువ్వు రాసింది తనకు చూపించకు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకో. ఎక్కడ కలవవో అక్కడే నీ మేటర్ ఉంది.

దూరం 280 మీటర్లు అన్నావు. తూటా తన శబ్దం కంటే ముందు పోతుంది, అది తగిలిన చప్పుడు నీ దగ్గరికి తిరిగి రావడానికి ముప్పావు సెకను పైనే పడుతుంది. ఆ ముప్పావు సెకనులో నీకేమైంది? అది రాయకుండా 'వేట ముగిసింది' అని, వెంటనే ఫోటో దగ్గరికి దూకేశావు.

ఈ తప్పు నేనూ చేశాను. నాకు పన్నెండేళ్లప్పుడు, 1967లో, ఉగాది వేటకు మా మేనమామ వెంట కళ్యాణదుర్గం దిక్కు గుట్టల్లోకి పోయాను. వలలో పడిన చెవులపిల్లిని నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది, లెక్కపెట్టలేనంత వేగంగా. కాళ్లతో ఒకసారి తన్నింది, తర్వాత తన్నలేదు. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. మామ వచ్చి తీసుకునేదాకా అట్లే నిలబడ్డాను. పదేళ్ల తర్వాత దాని మీదే నా మొదటి కథ రాశాను. కుక్కలు, కర్రలు, కేకలు, పరుగు అన్నీ పెట్టి, 'వేట ముగిసింది' అని ఆపేశాను. అచ్చయింది. మా అవ్వకు చదివి వినిపిస్తే, అంతా విని, 'ఆ చెవులపిల్లి ఏమైందిరా?' అని అడిగింది. నా దగ్గర జవాబు ఉండి కూడా కథలో లేదు. ఆ కథను తర్వాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

కాబట్టి నీ తార్ దగ్గరికి నడిచి వెళ్లు. ఆ వాగు దాటి, బండలెక్కి చేరడానికి నలభై నిమిషాలు పట్టిందన్నావు. ఆ నలభై నిమిషాలూ మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు? దగ్గరికెళ్లాక ఒళ్లు వేడిగా ఉందా? కళ్లు తెరిచి ఉన్నాయా? గైడు కొమ్ము మీది వలయాలు వేలితో లెక్కపెట్టి వయసు చెప్పాడు కదా, ఏడాదికొకటి చొప్పున. నీ వేలు కూడా పెట్టావా? ఆ రాత్రి గుడిసెలో మాంసం ఎవరు వండారు, ఎవరు తినలేకపోయారు? నువ్వు తినలేదేమోనని నాకు అనుమానం. తిన్నా రాయి.

బూట్ల దగ్గర మొదలుపెట్టి మళ్లీ మొత్తం రాయి. తొందరేం లేదు. కంప్యూటర్‌లో కాకుండా కాగితం మీద రాసి, మీ నాన్న చేతికి ఇచ్చిపంపు. సాయంత్రం టవర్ క్లాక్ దగ్గరికి నడకకు వచ్చినప్పుడు తీసుకుంటాను.

మీ
పెదనాన్న